ఎడమ పక్క సీటు

బెల్టు పెట్టుకో అన్నాడు నాన్న. పెట్టుకున్నాను అన్నాను. పెట్టుకునే ఉన్నాను మరి, టక్కుమని చప్పుడు కూడా వచ్చింది, పక్కనే ఉన్న మనిషికి కనబడదా అనుకున్నాను గానీ పైకి అనలేదు, పొద్దున్నే ఆయనతో ఎందుకొచ్చిన తగువు. ఈ కారులో ముందు కూర్చోవడం నాకిదే మొదటిసారి. ఇది అమ్మ సీటు. నేనెప్పుడూ వెనకే, చిన్నప్పుడూ వెనకే, జుట్టు నెరిశాకా వెనకే, నా ముందు వాళ్ళిద్దరి తలలూ, ఆ తలల మధ్యలోంచి కనిపించినంత రోడ్డూ. సీటు అమ్మ ఒడ్డూపొడుగుకి అలవాటైపోయింది, నాకు మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి, వెనక్కి జరుపుదామని కింద చెయ్యి పెట్టి తడిమితే మీట కదలనంటోంది. అమ్మ ఆసుపత్రిలో ఉంది. కడుపులో రాళ్ళు తీశారు, ఇవాళ పంపించేస్తామన్నారు. నేను నడుపుతాను నాన్నా అన్నాను గుమ్మంలో. తాళంచెవి పిడికిట్లో బిగించి, నీకు నేర్పిందెవరే అన్నాడు. ఆయనే. నాకే ఏమిటి, ఊళ్ళో సగంమందికి తన స్కూలు కారులో ఆయనే నేర్పాడు, డ్రైవింగ్ మాష్టారంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. అద్దం, భుజం, చెయ్యి. ముందు అద్దం చూడు, తర్వాత భుజం మీంచి తల తిప్పి చూడు, ఆ తర్వాతే చక్రం మీద చెయ్యి కదుపు. ఇప్పటికీ నా స్కూటర్ పక్కకి తిప్పాలంటే ఆ మూడు మాటలూ ఆయన గొంతుతోనే వినిపిస్తాయి.

ఫ్లైఓవర్ ఎక్కాం. ఎక్కామంటే అవతల చివర దిగడమే, మధ్యలో ఆగడానికి లేదు, పక్కకి తియ్యడానికి చోటు లేదు, అటూ ఇటూ నడుమెత్తు గోడ, గోడ అవతల మేడల పై అంతస్తుల కిటికీలు, ఒక కిటికీలో ఎవరో ఆవిడ తల దువ్వుకుంటోంది, హాయిగా, ఆవిడకేం. అమ్మ నిన్న ఏదో అంది. ఏమంది? మీ నాన్నని తీసుకురాకు, నువ్వొక్కదానివే టాక్సీలో వచ్చెయ్ అంది. ఇద్దరికీ మళ్ళీ పడలేదు కాబోలు అనుకున్నాను. ఆయన వినడమ్మా అంటే కాసేపు పైకి చూస్తూ పడుకుని, వస్తే మాత్రం ముందు కూర్చో, నోరు మూసుకుని కూర్చోకు, ఏదో ఒకటి వాగుతూ ఉండు అంది. నాన్న దిగులు పడతాడని అంటోంది అనుకున్నాను. పాపం, పెళ్ళాం లేక ఇల్లు బోసిపోయింది అనుకున్నాను. నేనింకా అమ్మ గురించే ఆలోచిస్తున్నాను, కారు మెల్లిగా ఎడమకి ఒరుగుతోంది, లేన్ మారుతున్నాడనుకున్నాను, అద్దం చూసే ఉంటాడు, భుజం మీంచి చూసే ఉంటాడు, ఆయన కదా మాష్టారు, అంతలో చెవి పక్కనే హారన్, నా కిటికీ మీద దబ్బుమని అరచెయ్యి, అద్దం అవతల హెల్మెట్‌లో రెండు కళ్ళు, మోటార్‌సైకిల్ మీద మనిషి, గోడకీ మాకూ మధ్య, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. నాన్న చక్రం కుడికి లాగాడు. ఆ మనిషి ముందుకెళ్ళి వెనక్కి తిరిగి ఏదో తిట్టాడు, తిట్టడా మరి. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు వీడు అన్నాడు నాన్న. ఆ మనిషి ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. ఫ్లైఓవర్ ఎక్కిన దగ్గర్నుంచీ మా పక్కనే ఉన్నాడు.

నా బతుకుతెరువే ఇది. ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని, బండ్లు నడిపేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం. ఫ్యాక్టరీలకీ కాలేజీలకీ వెళ్ళి చెప్తాను, కరపత్రాలు రాస్తాను, గుద్దుకున్నాక ఫోన్ చేసి ఏడ్చేవాళ్ళకి కూడా చెప్తాను, ఆ చెప్పేదేదో ముందే వింటే ఏడవక్కర్లేదు కదా అని లోపల తిట్టుకుంటూ. మోటార్‌సైకిల్ వాళ్ళకయితే ఎప్పుడూ ఒకటే మాట. అయ్యా, కారు పక్కన వెళ్తున్నప్పుడు దాని అద్దంలో డ్రైవర్ మొహం కనబడుతోందా చూసుకోండి, ఆయన మొహం మీకు కనబడితే మీరు ఆయనకి కనబడుతున్నట్టే, లేదంటే అక్కడ ఉండకండి. అందరూ తలలూపుతారు. ఈ హెల్మెట్ ఆయన కూడా అలాంటి క్లాసులో కూర్చున్నాడేమో, మా అద్దంలో నాన్న మొహం చూసుకుని, పెద్దాయన, జాగ్రత్తగా నడుపుతున్నాడు, భయం లేదు అనుకున్నాడేమో. నాన్న మొహం నాకూ కనబడుతోంది. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి, రెప్ప కూడా వెయ్యట్లేదు, అంత శ్రద్ధగా రోడ్డు చూస్తున్నాడు. మరి పక్కనున్న మనిషి కనబడకపోవడమేమిటి. పరధ్యానం అయ్యుంటుంది, అమ్మ మీద బెంగ, రాత్రి నిద్ర లేదేమో. నాన్నా, ఆ పెద్ద బోర్డు మీద ఏం రాశారు అన్నాను. నాకే తెలియకుండా అడిగేశాను. ఎడమ పక్క గోడ మీంచి లేచిన బోర్డు, ఒక పిల్లాడు నోరంతా తెరిచి పళ్ళు చూపిస్తున్న బోర్డు, మేడంత ఉంది. ఏ బోర్డు అన్నాడు. అదే, ఇటు పక్క. ఏదీ అని తల ఇటు తిప్పబోయి మళ్ళీ రోడ్డు కేసి చూసి, నడిపేటప్పుడు బోర్డులు చదవమని మీ ఆఫీసులో చెప్తున్నారా అన్నాడు. బోర్డు దాటిపోయింది.

పోయిన వానాకాలం స్నానాలగదిలో కళ్ళు తిరిగి కూలబడ్డాడు. అమ్మే లేపి కూర్చోబెట్టింది. డాక్టర్ ఏదో చెప్పాడట, బీపీ అన్నారట, మాత్రలు రాశాడట, అన్నీ అమ్మ చెప్పిన ‘అట’లే, నేను దగ్గర లేను. అప్పట్నుంచే అమ్మ మారింది. పూర్వం అమ్మ కారెక్కిందంటే మా వీధి మలుపు తిరక్కుండానే నిద్ర, ఊరు చేరాక లేపాలి, ఇంట్లో పట్టని నిద్ర ఇక్కడ ఎలా పడుతుందే అంటే మీ నాన్న నడుపుతుంటే నాకేం భయం అనేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి ముందు సీట్లో నిటారుగా కూర్చుని గొంతు ఎండిపోయేలా మాట్లాడ్డం మొదలుపెట్టింది. అదిగో స్కూటర్. ఆ పసుప్పచ్చ చీరావిడ చూడండి ఫోన్ చూసుకుంటూ ఎలా నడుస్తోందో. ఈ సైకిల్ వాడికి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కాబోలు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది అని నేను నవ్వేదాన్ని. నాన్న రేడియో అని పేరు పెట్టాడు. కారులో రేడియో చెడిపోతే బాగు చేయించలేదు కూడా, మనకి ఒకటి ఉందిగా అన్నాడు. ఇద్దరికీ ఒకసారి దెబ్బలాటై, మాటల్లేకపోయినా, అమ్మ వెనక్కి తిరిగి నాతో, లారీ వస్తోందని చెప్పవే మీ నాన్నకి అంది, నేను కడుపు పట్టుకుని నవ్వాను. చెప్పాను కూడా, నాన్నా, లారీ వస్తోందట.

నవ్వి ఊరుకున్నానా, లేదు, పెద్ద తెలిసినదాన్ని కదా. నేను రాసిన కరపత్రమే తెచ్చి చేతిలో పెట్టాను. బండి నడిపేవారిని మాట్లాడించకండి, వారి దృష్టి మళ్ళించకండి, పక్కన బొమ్మ కూడా ఉంది, నోటి మీద వేలేసుకున్న ఆడమనిషి బొమ్మ. చదివింది. కళ్ళజోడు తీసి మడిచి పెట్టుకుంది. ఆ మర్నాడు పెళ్ళికి వెళ్తే దారి పొడుగునా నోరెత్తలేదు, నేను వెనక కూర్చుని చూశారా ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటుండగానే పెళ్ళివారి గేటు స్తంభానికి మా ఎడమ అద్దం తగిలి ఫట్‌మని ఊడి కింద పడింది. స్తంభం ఇరుగ్గా కట్టారు అన్నాడు నాన్న. అమ్మ నా వైపు తిరిగి చూసింది. కోపం కాదు, ఏదో అడగబోయి ఆగిన చూపు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ మొదలెట్టింది, అదిగో స్కూటర్, ఇదిగో గుంట. నేను తల పట్టుకున్నాను. అమ్మ నస అనుకున్నాం అందరం. నసే అయితే కుడి పక్క స్కూటర్ల గురించి ఎందుకు చెప్పలేదు? ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే అన్నీ ఎడమవే.

నాన్నకి ఎడమ పక్క లేదు. ఎడమ కన్ను కాదు, రెండు కళ్ళకీ అటు సగం లేదు, మా ఆఫీసుకి అలాంటి కేసులు వస్తాయి, వాళ్ళకి చీకటిగా కూడా ఉండదట, అక్కడేమీ లేనట్టే ఉంటుందట, తల పూర్తిగా తిప్పితేనే ఉన్నట్టు తెలుస్తుందట. చూపు పోయిన సంగతి దాచి నడిపితే పాలసీ చెల్లదండీ అని ఎంతమందికి చెప్పి ఉంటాను, ఎంత కటువుగా చెప్పి ఉంటాను. పాలసీ మొహం మండా, ఇందాకటి మనిషి గోడకీ కారుకీ మధ్య నలిగి ఉంటే ఏ పాలసీ ఏం చేస్తుంది. ఆపు నాన్నా అందామని నోరు తెరిచాను, ఎక్కడ ఆపుతాడు, వెనక బస్సు తరుముకొస్తోంది, ఆపితే అది మమ్మల్ని గోడకి అంటించేస్తుంది. ఇద్దరం మారడానికి లేదు, దిగడానికి లేదు. బెల్టు మెడ దగ్గర ఒరుసుకుంటోంది. ఎడమ అద్దంలో చూశాను, పెళ్ళిలో ఊడాక కొత్తగా వేయించిన అద్దం, డ్రైవర్ చూపుకి సర్దింది, నాకేమీ కనబడదు, తల తిప్పి భుజం మీంచి చూశాను, ఎర్ర హెల్మెట్, వెనక ఒకామె, ఒళ్ళో కూరల సంచీ, మా ఎడమకే వస్తున్నారు.

ఎడమ వైపు ద్విచక్రవాహనం అన్నాను. నా గొంతు నాకే ఆఫీసు గొంతులా వినిపించింది. నాన్న దవడ బిగుసుకుంది. నాకు పాఠం చెప్తున్నావా అన్నాడు. చక్రం మీద వేళ్ళు తెల్లబడ్డాయి, కోపంలో కారు ఇంకొంచెం ఎడమకే జరిగింది, నా కాళ్ళు లేని బ్రేకుని తొక్కుతున్నాయి, భగవంతుడా, ఈయనకి రోషం వస్తే చూపు ఇంకా తగ్గుతుంది. ఎలా చెప్పేది అమ్మ. ఎలా చెప్పేది. ఆ సంచీలోంచి కాడలు ఎలా వేళ్ళాడుతున్నాయో చూడు నాన్నా అన్నాను, ఆ ఎర్ర హెల్మెట్ బండి వెనకావిడ, మన పక్కనే, ఇల్లు చేరేసరికి సంచీలో ఒక్క ఆకైనా మిగులుతుందా అంట. నాన్న వేళ్ళు వదులయ్యాయి. కారు కుడికి జరిగింది. ఆవిడకి చెప్పు మీ ఆఫీసుకొచ్చి క్లాసు వినమని అన్నాడు, నవ్వాడు కూడా. ఎర్ర హెల్మెట్ దాటి వెళ్ళిపోయింది, ఆవిడ సంచీ గుండెకి హత్తుకుని నా వైపు ఒకసారి చూసింది.

ఇక ఆపలేదు. నీలం హెల్మెట్ పిల్ల ఎంత బాగా నడుపుతోందో, వంగట్లేదు, తూగట్లేదు. ఈ మహానుభావుడు హెల్మెట్ చేతికి తగిలించుకున్నాడు నాన్నా, మోచేతికే తెలివి ఉన్నట్టుంది. ఖాళీగా ఉంటే ఎంత బాగుందో ఇటు పక్క. ఈ వ్యాన్ మీద కుక్కపిల్ల బొమ్మ వేయించారు, మన తలుపు పక్కనే వస్తోంది, పోనీ దాన్ని, మనకేం తొందర. నోరు ఎండిపోయింది. కళ్ళు మండుతున్నాయి, రెప్ప వేస్తే ఆ రెప్పపాటులో ఎవరొస్తారో. ఇదీ అమ్మ చేసిన పని. పోయిన వానాకాలం నుంచి, కూరలకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఒళ్ళు బాగున్నా బాగోకపోయినా. అలగడానికి లేదు, కునుకు తియ్యడానికి లేదు, కిటికీలోంచి ఊరికే బయటికి చూడ్డానికి లేదు. పిన్ని రమ్మంటే వెళ్ళలేదు, మీ నాన్నతో ఎవరుంటారు అంది, ఆయనేమైనా పసివాడా అన్నాను. కడుపునొప్పి వస్తే ఓర్చుకుంది, ఆపరేషన్ వాయిదా వేసింది, చివరికి అంబులెన్సు వచ్చేదాకా తెచ్చుకుంది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాన్న ఒక్కసారీ చూడ్డానికి రాలేదు, ఆ వాసన నాకు పడదు అన్నాడు, రాతి మనిషి అనుకున్నాను. పక్కన మనిషి లేక రాలేదు. రేపట్నుంచి ఆ మనిషిని నేనేనేమో. ఉద్యోగం మానేసి, ఈ సీట్లో మోకాళ్ళు ముడుచుకుని, సంచీల గురించీ కుక్కపిల్లల గురించీ, ఆయన పోయేదాకానో, ఎడమ పక్క ఎవరో పోయేదాకానో. ఊపిరాడట్లేదు, కిటికీ కొంచెం దించితే ఇంజన్ల హోరు లోపలికొచ్చి నా మాటలు మింగేస్తోంది, మళ్ళీ ఎత్తేశాను.

దిగే దారి వచ్చింది. ఎడమకి తిరగాలి, తిరిగే చోటే బండ్లన్నీ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ దిగుతున్నాయి. నాన్న సిగ్నల్ లైటు వేశాడు. వేసి, నెమ్మది చేశాడు. నాకు మాట రాలేదు, నిజంగా రాలేదు, ఇంతసేపు వాగీ వాగీ గొంతు పూడుకుపోయింది. లైటు టిక్కు టిక్కుమంటోంది. వెనక బస్సు హారన్ కొడుతోంది. నాన్న తిరగలేదు. రోడ్డు కేసే చూస్తూ, చాలా మెల్లిగా అన్నాడు.

“మీ అమ్మయితే ఇక్కడ ఒక మాట ఎక్కువ చెప్తుంది.”

ఆయనకి తెలుసు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, అరికాలి మంట నెత్తికెక్కింది, తెలిసీ నడుపుతున్నావా అని అరవాలనుంది, ఆయన మెడ మీద చర్మం ముడతలు పడి వణుకుతోంది. భుజం మీంచి చూశాను. ఒక స్కూటర్, పోనిచ్చాను. ఒక మోటార్‌సైకిల్, పోనిచ్చాను. ఇప్పుడు నాన్నా, ఎడమ ఖాళీ అన్నాను, సంచీలూ కుక్కపిల్లలూ ఏమీ లేకుండా. తిరిగాడు. దిగాక, ఆసుపత్రి వీధిలో, కొంచెం మసకంతే అన్నాడు, అటు పక్క, ఎప్పుడైనా.

అమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి వాకిట్లో కారు పక్కన ఆపింది నర్సు. అమ్మ ముందు కారుని చూసింది, ఎడమ తలుపు మీద చెయ్యేసి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమింది, గీతలేమైనా పడ్డాయా అని. తర్వాత నా మొహం చూసింది. మాట్లాడావా అంది. మాట్లాడాను అన్నాను. నా బొంగురు గొంతు విని ఇంకేమీ అడగలేదు. లేచి, పొట్ట మీద చెయ్యి అదుముకుని, నేను పట్టుకుంటున్నా విడిపించుకుని, తన సీట్లో తనే కూర్చుంది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, బెల్టు తగలకుండా తువ్వాలు మడత పెట్టుకుంది. వీపు నిటారుగా పెట్టుకుంది. వెనక ఎక్కవే, ఎండ ఎక్కకముందే పోదాం అన్నాడు నాన్న. అమ్మ సంచీ డిక్కీలో పెట్టాను. వెనక తలుపు దాకా వచ్చాను. తలుపు తియ్యలేదు, కాళ్ళు అక్కడ ఆగలేదు, అమ్మ కిటికీ దాటి కారు ముందుకొచ్చాను, ఎడమ దీపం దగ్గర, బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఏదో నిరూపిద్దామని కాదు. ఎక్కలేకపోయాను, అంతే.

నాన్న ఇంజన్ స్టార్ట్ చేశాడు. నా అరచేతి కింద బానెట్ వణికింది. ముందు అద్దంలోంచి అమ్మ నన్ను చూస్తోంది. అలవాటుగా నోరు తెరిచింది, స్తంభం ఉందండీ అనో, కుండీ ఉందండీ అనో ఒక్క మాట అంటే అయిపోయేది, ఈ పూట గడిచిపోయేది. అనలేదు. నన్ను చూస్తూనే ఉంది. కిటికీలు తెరిచే ఉన్నాయి, అన్నీ వినబడుతున్నాయి.

“ఎడమ?” అన్నాడు నాన్న.

“పిల్ల ఉంది,” అంది అమ్మ.

“ఎక్కడ?”

ఎదురుగానే ఉందండీ, బానెట్ మీద చెయ్యేసుకుని అంది, ఆ గొంతు అంత అలిసిపోయి ఉండగా నేనెప్పుడూ వినలేదు. నాన్న చూశాడు. నేను లేని చోట చూశాడు. అప్పుడు మొహం మెల్లిగా ఇటు తిప్పడం మొదలుపెట్టాడు, ఇంకా, ఇంకా, గడ్డం భుజానికి ఆనేదాకా, అప్పుడు కనబడ్డాను. కనబడ్డప్పుడు ఆయన మొహం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండు. ఇంజన్ ఆగిపోయింది.

దిగాడు. కారు మీద చెయ్యి వదలకుండా చుట్టూ తిరిగి వచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, అద్దం, భుజం, చెయ్యి అన్నాడు, మొదటి రోజు పిల్లలకి చెప్పినట్టు. వెనక, నా చోట కూర్చున్నాడు. నేను సీటు సర్దుకుని, ఆ మూడూ వరసగా చేసి కదిలించాను. గేటు దగ్గర అమ్మ, అదిగో వ్యాన్ అంది. చూశానమ్మా అన్నాను. కాస్త ముందుకెళ్ళాక, ఆ సైకిల్ అంది. చూశాను. చూశావూ అంది. ఊఁ అన్నాను. ఆ తర్వాత ఏమీ అనలేదు. మలుపు తిరిగేటప్పుడు తల నా వైపు ఒరిగింది, నోరు కొంచెం తెరుచుకుంది.

రేడియో ఆగిపోయిందేం అన్నాడు నాన్న వెనక నుంచి. నిద్రపోయింది నాన్నా అన్నాను. ఏడుస్తున్నాడేమోనని అద్దంలో చూడబోయి మానుకున్నాను. మళ్ళీ అన్నాడు, గుసగుసగా, ఆవిడ లేవకుండా.

“ఎండ మొహాన పడుతోందేమో చూడు.”